91, 87, 38: తొంభై ఏళ్ళుగా చెక్కుచెదరని అంకెలు

ఏ ఆటలోనైనా రికార్డులు పుడుతుంటాయి, పోతుంటాయి. సిడ్నీ రగ్బీ లీగ్‌లో 1935 సీజన్ మాత్రం వేరు. ఆ ఏడాది స్కోరుబోర్డు మీద పడ్డ కొన్ని అంకెల్ని ఇప్పటిదాకా ఎవరూ దాటలేదు. వాటిలో రెండు ఒకే జట్టును వారం తేడాలో చితక్కొడితే వచ్చినవి.

ఆ జట్టు పేరు కాంటర్‌బరీ-బ్యాంక్స్‌టౌన్. సిడ్నీ పెద్ద పోటీలో అడుగుపెట్టడం దానికి అదే మొదలు. సొంత మైదానం కూడా లేదు. బెల్మోర్ మైదానం దక్కింది మరుసటి ఏడాదే. ఏప్రిల్ 25న తొలి మ్యాచ్‌లో నార్త్ సిడ్నీ చేతిలో 20-5తో ఓడింది. కొత్త జట్టుకు అదేమంత పరువుతక్కువ స్కోరు కాదు. అసలు కథ మే నెలలో మొదలైంది.

మే 11న ఆర్న్‌క్లిఫ్‌లోని ఎర్ల్ పార్క్‌లో సెయింట్ జార్జ్ 91, కాంటర్‌బరీ 6. ఈ పోటీ చరిత్రలో ఒక జట్టు ఒక మ్యాచ్‌లో చేసిన అత్యధిక స్కోరూ అదే, అతి పెద్ద తేడాతో గెలుపూ అదే. ప్రత్యర్థి గీత దాటి బంతిని నేలకు తాకిస్తే ట్రై. అప్పట్లో దానికి 3 పాయింట్లు. రెండు స్తంభాల మధ్య అడ్డకర్ర మీదుగా బంతిని తన్నితే గోల్, దానికి 2. సెయింట్ జార్జ్ ఆ రోజు 19 ట్రైలు, 17 గోల్స్ సాధించింది. ట్రైకి ఇప్పుడు 4 పాయింట్లు ఇస్తున్నారు కాబట్టి నేటి లెక్కలో ఆ స్కోరు 110 అవుతుంది. 17 గోల్స్‌లో 15 లెస్ గ్రిఫిన్ ఒక్కడివే. రెండు ట్రైలు కూడా కలిపితే అతని ఖాతాలో 36 పాయింట్లు.

80 నిమిషాల ఆటలో 19 ట్రైలంటే సగటున నాలుగు నిమిషాలకొకటి. ఇదెలా సాధ్యమైందో తెలియాలంటే అప్పటి నిబంధనలు చూడాలి. పాయింట్లు సమర్పించుకున్న జట్టే మైదానం మధ్య నుంచి బంతిని తన్ని, మళ్ళీ ఎదుటివాళ్ళకే అందించాలి. అంటే దెబ్బ తిన్నవాడే కర్ర కూడా అందించాలన్నమాట! పైగా ఇప్పట్లా ఆరుసార్లు పట్టుబడితే బంతి వదులుకోవాలనే నియమం అప్పుడు లేదు. పట్టుబడుల మీద పరిమితి వచ్చింది 1967లో. అంతకు ముందు బంతి చేజిక్కిన జట్టు జారవిడవనంత కాలం ఎంతసేపైనా తన దగ్గరే ఉంచుకోవచ్చు. అలాంటి ఆటలో అనుభవం లేని జట్టుకు బంతి ముట్టుకునే అవకాశమే అరుదు.

గాయం మానకముందే, మే 18న కాంటర్‌బరీ సిడ్నీ స్పోర్ట్స్ గ్రౌండ్‌కు వెళ్ళాల్సి వచ్చింది. ఎదురుగా ఈస్టర్న్ సబర్బ్స్. స్కోరు 87-7. రెండు వారాల్లో మొత్తం 178 పాయింట్లు ఇచ్చి, 13 తెచ్చుకున్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అనే మాటకు ఆ మే నెల కన్నా మంచి ఉదాహరణ ఆటల పుటల్లో దొరకదేమో.

ఆ రెండో మ్యాచ్‌లో ఈస్టర్న్ సబర్బ్స్ తరఫున డేవ్ బ్రౌన్ అనే ఇరవై రెండేళ్ళ సెంటర్ ఆటగాడు 5 ట్రైలు, 15 గోల్స్‌తో 45 పాయింట్లు కొట్టాడు. గ్రిఫిన్ 36 వారానికే వెనకపడింది. ఒక మ్యాచ్‌లో ఒక ఆటగాడి అత్యధిక పాయింట్లు ఇప్పటికీ ఆ 45 మాత్రమే. దానికి దగ్గరగా వచ్చినవాళ్ళలో మాల్ మెనింగా ఉన్నాడు. 1990లో కాన్‌బెర్రా తరఫున 38 కొట్టాడు. ఎవరి మీదంటే ఈస్టర్న్ సబర్బ్స్ మీదే!

బ్రౌన్‌ను 'రగ్బీ లీగ్ బ్రాడ్‌మన్' అనేవారు. అసలు బ్రాడ్‌మన్ 1926 నుంచి కొన్నేళ్ళు క్లబ్ క్రికెట్ ఆడింది సెయింట్ జార్జ్ తరఫున. లీగ్ బ్రాడ్‌మన్ మాత్రం ఆ పేటకు ప్రత్యర్థి జట్టులో తేలాడు. తలకు కట్టుకునే తోలు టోపీతో ఆడడం ఇతని గుర్తు. తోలు కుట్టిన బంతి వాన పడితే నీళ్ళు పీల్చి బరువెక్కే రోజులవి. ఆ బంతితో గురి చూసి తన్నడం ఒక పని, దాన్ని చంకన పెట్టుకుని గీత దాటడం ఇంకో పని. రెండూ ఇంత బాగా చేసినవాళ్ళు తక్కువ. అంతకు ముందు 1933-34 ఇంగ్లండ్ పర్యటనలోనే అతను 285 పాయింట్లు పోగేశాడు.

1935లో బ్రౌన్ ఆడింది 15 మ్యాచ్‌లు. ట్రైలు 38. సగటున మ్యాచ్‌కు రెండున్నర. 65 గోల్స్ కూడా కలిపితే సీజన్ మొత్తం 244 పాయింట్లు. ఈ పాయింట్ల రికార్డు 34 ఏళ్ళు నిలిచింది. 1969లో సౌత్ సిడ్నీ ఆటగాడు ఎరిక్ సిమ్స్ 265తో దాన్ని దాటాడు. ఆ 265లో ట్రై ఒక్కటే, మిగతావన్నీ కాలితో తన్ని తెచ్చినవే. 38 ట్రైల రికార్డు జోలికి మాత్రం ఎవరూ రాలేకపోయారు. 1954లో న్యూటౌన్ ఆటగాడు రే ప్రెస్టన్ 34 దగ్గర ఆగాడు. మన కాలంలో అలెక్స్ జాన్‌స్టన్ 2021లోనూ, 2022లోనూ సరిగ్గా 30 చొప్పున కొట్టాడు.

'చేతకాని జట్టు దొరికింది, కుమ్మేశాడు, అందులో గొప్పేముంది?' అని ఎవరైనా అడగొచ్చు. 91 విషయంలో ఆ వాదన ఒప్పుకుంటాను. అది గెలిచినవాళ్ళ గొప్పతనం ఎంతో, ఓడినవాళ్ళ అనుభవలేమి కూడా అంత. 38 సంగతి అలా కాదు. మే 18 నాటి అయిదు ట్రైలు తీసి పక్కన పెట్టినా 14 మ్యాచ్‌ల్లో 33 మిగులుతాయి. జాన్‌స్టన్ 30 కన్నా అదీ ఎక్కువే. ఈ సీజన్‌లో ఒక్క రికార్డునే ఎంచుకోమంటే నా ఓటు దీనికే.

ఇంతకీ ఆ ఏడాది పట్టికలో అడుగున నిలిచింది కాంటర్‌బరీ కాదు! అంతకన్నా దీనస్థితిలో ఉన్నది యూనివర్సిటీ జట్టు. ఆ జట్టు 1934, 1936ల మధ్య వరసగా 42 మ్యాచ్‌లు ఓడింది. ఇదీ ఇప్పటికీ ఎవరూ చెరపని రికార్డే, చెరపాలని ఎవరూ కోరుకోరు కూడా. 1937 తర్వాత యూనివర్సిటీ పోటీ నుంచే తప్పుకుంది.

ఫైనల్‌లో ఈస్టర్న్ సబర్బ్స్ సౌత్ సిడ్నీని 19-3తో ఓడించి టైటిల్ పట్టుకుపోయింది. తర్వాతి రెండేళ్ళూ ఒక్క ఓటమి లేకుండా విజేతగా నిలిచింది. బ్రౌన్ 1936లో ఆస్ట్రేలియాకు నాయకత్వం వహించి, ఆ ఏడాదే ఇంగ్లండ్‌లోని వారింగ్టన్ క్లబ్‌కు వెళ్ళిపోయాడు.

చావుదెబ్బలు తిన్న కాంటర్‌బరీ మూడేళ్ళు తిరిగేసరికి ఫైనల్‌కొచ్చింది. 1938లో 19-6తో గెలిచి తొలి టైటిల్ అందుకుంది. ఆ ఫైనల్‌లో ఓడింది, తమకు ఒకనాడు 87 వడ్డించిన ఈస్టర్న్ సబర్బ్సే. 91 కొట్టిన సెయింట్ జార్జ్ మాత్రం మొదటి టైటిల్ కోసం 1941 దాకా ఆగాల్సి వచ్చింది.