అక్షరానికి గొంతు: శ్రవణ పుస్తకాలకు ప్రాణం పోసే పఠన కళ

ఫెరార్గంజ్ (దక్షిణ అండమాన్): అచ్చులో ‘వస్తాడు’ అన్నది ఒకటే మాట. పలికే తీరును బట్టి అది ఆశ కావచ్చు, బెదిరింపు కావచ్చు, తల్లి తనకు తాను చెప్పుకొనే ఓదార్పూ కావచ్చు. లిపి ఆ తేడాను చూపదు. దానిని వినిపించడమే శ్రవణ పుస్తక పఠకుల పని.

2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. వీరిలో ఎందరివో మూలాలు ఉత్తరాంధ్రలో ఉన్నాయి. హిందీ, ఇంగ్లిష్ మాధ్యమాల్లో చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నా లిపి చదవలేని వారికి తెలుగు సాహిత్యంలోకి దారి చెవి ఒక్కటే. చెన్నై నుంచి దీవులకు వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. దీంతో ‘దాసుభాషితం’ వంటి తెలుగు శ్రవణ వేదికలు ఇక్కడి శ్రోతలకు మరింత చేరువయ్యాయి.

గొంతు ఒకటి, పాత్రలు అనేకం

రేడియో నాటకంలో పాత్రకొక నటుడు ఉంటారు. శ్రవణ పుస్తకంలో సాధారణంగా ఒక్కరే అన్ని పాత్రలనూ, రచయిత కథనాన్నీ మోయాలి. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ కథనే తీసుకుంటే, అందులో అప్పు తగవుపై ఊరి పెద్దలు తీర్పు చెబుతారు. వారి మాటలను పఠకుడు దుష్టుల గొంతుతో చదివితే శ్రోత ముందే తీర్పు ఇచ్చేస్తాడు. న్యాయంగా వినిపించే మాటల్లోనే అన్యాయం దాగి ఉందన్న ఎరుక అతనికి కలగదు. అందుకే ఇక్కడ అభినయం కన్నా నిగ్రహమే ఎక్కువ పని చేస్తుంది.

యాసే అసలు పరీక్ష

ఉత్తరాంధ్ర పాత్ర ‘ఏటి’, ‘ఒగ్గేయ్’ అన్నప్పుడు పఠకుడు దానిని హాస్యానికి వాడుకుంటే పాత్ర చులకనవుతుంది. పూర్తిగా శిష్టోచ్చారణలోకి మార్చితే ఊరే మాయమవుతుంది. ఫెరార్గంజ్‌లోని శ్రోతకు అది తాతమ్మల మాట. దానిని గౌరవంగా పలికినప్పుడే పుస్తకం తనదనిపిస్తుంది.

క్రియ వచ్చేదాకా

తెలుగు వాక్యంలో క్రియ సాధారణంగా చివర వస్తుంది. ‘లేచి, గొళ్లెం తీసి, వాకిట్లోకి చూసి’ అంటూ సాగే వాక్యంలో స్వరం మధ్యలోనే దిగిపోతే శ్రోత వాక్యం ముగిసిందనుకుంటాడు. క్రియ వరకు స్వరాన్ని నిలపడానికి ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ముందే గుర్తించాలి. ‘కల’, ‘కళ’ వంటి మాటల్లో ఉచ్చారణ జారితే అర్థమే మారుతుంది. అందుకే అనుభవజ్ఞులు రికార్డింగుకు ముందే పుస్తకం మొత్తం చదివి, పాత్రల స్వభావాన్ని రాసిపెట్టుకుంటారు. రోజుల తరబడి సాగే పనిలో మొదటి అధ్యాయంలోని గొంతు చివరి అధ్యాయంలోనూ అలాగే ఉండాలి.

ఎదుట లేని శ్రోత

కథను గొంతుతో నడిపించడం తెలుగువారికి కొత్త కాదు. ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) హరికథను ఉన్నత కళగా నిలిపారు. అయితే హరిదాసుకు సభ ముఖాలు కనిపిస్తాయి. స్టూడియోలో పఠకునికి మైకు తప్ప ఎవరూ కనిపించరు. ఆ కనిపించని శ్రోతల్లో చూపులేని వారూ ఉన్నారు. వారికి పుస్తకాలను అందుబాటులోకి తెచ్చే మరకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో మొదట ఆమోదించిన దేశం భారతే.

యంత్ర స్వరాలు నేడు తెలుగు పదాలను పలుకుతున్నాయి. కానీ ‘వస్తాడు’ అన్న మాట ఆశా, బెదిరింపా అన్నది నిర్ణయించాలంటే కథ అర్థం కావాలి. మంచి పఠకుడు ముందు మంచి పాఠకుడు కావలసింది అందుకే.