సిడము నుండి స్టిక్కరు దాకా

విరాటపర్వములోని ఉత్తర గోగ్రహణ ఘట్టము పేరైనా వినని తెలుగు విద్యార్థి అరుదు. ఆలమందలను పట్టుకొన్న కౌరవసేన దూరమున ధూళిలో కానవచ్చుచున్నది. పగ్గములు పట్టిన ఉత్తరకుమారునకు ఎదుటి వీరులలో ఎవరెవరో తెలియదు. ముఖములు కనబడనంత దూరము. అప్పుడు అర్జునుడు అతనికి మనుష్యులను చూపలేదు, రథముల మీది గుర్తులను చూపినాడు. బంగారు వేదిక గల పడగ ద్రోణునిది. సింహపు తోక అశ్వత్థామది. పసిడి వృషభము కృపాచార్యునిది. శంఖము కర్ణునిది. మణుల పాము దుర్యోధనునిది. తాటిచెట్టు భీష్మునిది. తిక్కన ఈ ఆరింటిని ఒక్క పద్యములో ఇమిడ్చినాడు. పడగకు 'సిడము' అను అచ్చ తెలుగు మాటను మన పిల్లలు నేర్చినది ఆ పద్యము వలననే.

పాఠము చెప్పునపుడు ఉపాధ్యాయులు సాధారణముగా ఆ పద్యపు నడక దగ్గర, సమాసముల సొంపు దగ్గర ఆగుదురు. కాని అందులో లోకజ్ఞానము కూడ కొంత ఉన్నది. వేగముగా కదలు వాహనములోని మనిషిని ముఖము చూచి పోల్చుకొనుట సాధ్యము కాదు. కావున గుర్తు దూరము నుండి కనబడవలెను; ఒక్క చూపులో తెలియవలెను; ఒకరిది మరియొకరిదిగా పొరపడుటకు వీలుండరాదు. రథము పోయి మోటారు వచ్చినను ఈ నియమములు మారలేదు. మారినదల్లా మూడవ నియమమును మనము పాటించు తీరు.

మంథని సంగతి చూడుడు. గోదావరి ఒడ్డున వెలసిన ఈ పాత ఊరికి మంత్రపురి యనియు, మంత్రకూటమనియు పేర్లున్నవి. వేదవిద్యకు పేరుపడిన ఊరు. 2016 వరకు కరీంనగరము జిల్లాలో ఉండి, ఆ యేట పెద్దపల్లి జిల్లాలో చేరినది. ఇచ్చట కొత్త వాహనము కొన్నవారు ముందు దానిని గుడి వాకిటికి తెత్తురు. పసుపు కుంకుమలతో దాని నొసట స్వస్తికమో ఓంకారమో వెలయును. చక్రముల కింద నిమ్మకాయలు నలుగును. ఇది వాహనమునకు తొలి గుర్తు. మొదటి వానకే కరిగిపోవును. తరువాత జరుగు రెండవ సంస్కారము పురోహితునిది కాదు, స్టిక్కర్ల దుకాణమువానిది.

నేలను తాకునంత తక్కువ ఎత్తున సాగు రెండు తలుపుల స్పోర్ట్స్ కారు మంథని వీధులలో కనబడుట అరుదు. కాని కారు కంటె ముందు దాని గుర్తులు ఊరు చేరినవి. ఇంటిల్లిపాది ప్రయాణము చేయు మామూలు కారు మూత మీద ముందు నుండి వెనుకకు రెండు చారలు. తలుపు మీద తెల్లని వలయములో ఒక అంకె. పక్కలను మంటల నాలుకలో, పరుగెత్తు గుఱ్ఱమో. ఆ చారలు ఎచ్చటివి, ఆ అంకె దేనికి అని అడిగినచో కుర్రవాడు నవ్వి ఊరకుండును. అతనికి ఎవరును చెప్పలేదు గదా!

ఆ కథ ఇరువదవ శతాబ్దపు మొదటి యేండ్లది. గోర్డన్ బెన్నెట్ కప్పు అను పేర దేశముల నడుమ మోటారు పందెములు జరిగిన కాలము. ఏ కారు ఏ దేశానిదో దారి పక్కన నిలిచిన జనమునకు తెలియుటకై దేశమునకొక రంగు నిర్ణయించిరి. ఫ్రాన్సుకు నీలము, జర్మనీకి తెలుపు. 1903లో పందెము ఐర్లండులో జరిగినపుడు బ్రిటను ఆకుపచ్చను ధరించినది. ఇటలీ ఎరుపు తరువాత స్థిరపడినది. నేటికిని ఫెరారీ అనగానే ఎరుపే కన్నుల ముందు మెదలును. దేశము రంగులో తెలిసినది, మనిషి అంకెలో తెలిసినాడు. వలయములోని అంకె చోదకుని సిడము. అమెరికావారిది నీలమును తెలుపును కలిసిన జోడు. 1950వ దశకము తొలినాళ్లలో బ్రిగ్స్ కన్నింగ్‌హామ్ అను ఆసామి ఫ్రాన్సులోని ల మాన్ పందెమునకు తెచ్చిన తెల్లని కార్ల మీద నీలపు చారలుండెను. 1965లో షెల్బీ మస్టాంగ్ కారు అమ్మకమునకు వచ్చినపుడు ఆ చారలు కొనువారి ఇండ్లకు కూడ వచ్చినవి. మంథని కుర్రవాని కారు మూత మీద ఉన్నవి వాని మనుమలో, మునిమనుమలో!

1968లో మరొక మలుపు. లోటస్ అను బ్రిటిషు జట్టు తన దేశపు ఆకుపచ్చను విడిచి, డబ్బిచ్చిన సిగరెట్ల సంస్థ పెట్టె మీది రంగులను ఫార్ములా వన్ కార్లకు పూసినది. అంతవరకు దేశమును తెలిపిన గుర్తు అది మొదలు సరుకును తెలుపసాగినది. దీనిని పతనమనవచ్చునా? పందెపు ఖర్చులు ఎరిగినవారు అంత సులభముగా అనరు. కాని భీష్ముని తాటిచెట్టు స్థానములో సిగరెట్టు పెట్టె నిలిచినదని తెలుగు పంతులు చిన్నబుచ్చుకొన్నచో తప్పు పట్టరాదు.

చిత్రకారులు ఆ స్థలమును కొంత తిరిగి గెలుచుకొన్నారు. ఎర్వే పులెయ్ అను ఫ్రెంచి చోదకుడు వృత్తిచే కళాఖండముల వేలము నడుపువాడు. 1975లో అతని కోరికపై అలెగ్జాండర్ కాల్డర్ అను అమెరికా శిల్పి ఒక బీ.ఎం.డబ్ల్యూ. కారును ఎరుపు, పసుపు, నీలములతో అలంకరించినాడు. ల మాన్‌లో అది గమ్యము చేరలేదు. 1979లో ఆండీ వార్హోల్ తన వంతు కారును సహాయకులకు విడువక స్వయముగా కుంచె పట్టి, అరగంట లోపున ముగించినాడు. రంగు ఆరకముందే వేలితో గీసిన గీతలు దాని మీద నేటికిని ఉన్నవి. ఆ కారు పందెములో ఆరవ స్థానమున నిలిచినది. 2010లో జెఫ్ కూన్స్ వంతు వచ్చినది. ఆయన కుంచె పట్టలేదు; వేగపు రేఖలను యంత్రముపై అచ్చొత్తించి, వినైల్ పొరగా కారుకు అతికించినారు. దాని అంకె 79, వార్హోల్ కారు నాటి యేటికి నమస్కారము. స్టిక్కరుకు కళల కొలువులో పీట వేసిన సందర్భమిది.

మనకు ఇంత దూరపు ఉదాహరణములతోనే పని లేదు. హైదరాబాదులోని చౌమహల్లా ప్రాసాదములో పసుపు పచ్చని రోల్స్ రాయిస్ ఒకటి ఉన్నది. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ 1911లో దీనిని చేయించబూనినాడు. చేతికి రాకముందే ఆయన ఆ యేట మరణించినాడు. ఆ పసుపు అసఫ్ జాహీల జెండా రంగు. పేరు వ్రాయనక్కరలేదు; వీధి మలుపులో పసుపు మెరసినచో ఎవరి బండియో జనమునకు తెలిసిపోవును. అదే నగరములో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగరు ఒడ్డున విద్యుత్ కార్ల ప్రపంచ పందెము ఫార్ములా ఈ జరిగినది. దాదాపు 2.8 కిలోమీటర్ల చుట్టు. గెలిచినవాడు ఫ్రెంచి చోదకుడు జాన్ ఎరిక్ వెర్న్. 2024లో జరుగవలసిన రెండవ పందెము రద్దయినది. అయినను తెలుగు కుర్రకారు పందెపు కారు ఒంటి మీది అంకెలను, పేర్లను, రంగులను సొంత రోడ్డు మీద కన్నులారా చూచినారు. స్టిక్కర్ల దుకాణములకు గిరాకి ఎందుకు తగ్గును?

ఇక్కడ ఒక మాట చెప్పుకొనవలసి ఉన్నది. వాహనమును తనదిగా చేసికొను కోరిక ఉత్తర తెలంగాణకు కారుతో వచ్చినది కాదు. సవారీ కచ్చురము ఉన్న రోజులలో ఎద్దుల కొమ్ములకు రంగులు, మెడలకు గంటలు ఆ ఇంటి పరువును తెలిపెడివి. పొలాల అమావాస్య నాడు ఆదిలాబాదు పల్లెలలో ఎద్దులకు చేయు సింగారము నేటికిని చూడదగినది. ఆ తరువాత లారీలు వచ్చినవి. సింగరేణి గనుల చుట్టుపట్ల బొగ్గు దుమ్ములో తిరుగు లారీకి రంగులెందుకు అని అడుగవచ్చును. దుమ్మున్నది గనుకనే రంగు కావలెనని లారీ యజమాని సమాధానము. ఎనామిల్ రంగులు, సుద్దదారము, సన్నని కుంచె, ఇంతే పెయింటరు సామగ్రి. నొసట ఇష్టదైవము పేరు, తలుపు మీద తామరపువ్వు, వెనుక బిడ్డల పేర్లు, 'అమ్మ నాన్నల దీవెన'. వ్రాయుటకు ముందు పెయింటరు యజమానిని నాలుగు మాటలు అడుగును: ఏ దేవుడు? ఎందరు పిల్లలు? మొదట ఎవరి పేరు? ఆ నాలుగు ప్రశ్నల వలన ప్రతి లారీ ఒకే ఒక ప్రతియైన పుస్తకము అయినది. అక్షరము కింద మూలను పెయింటరు తన పేరును కూడ చిన్నగా వ్రాసికొనెడివాడు.

వినైల్ వచ్చిన తరువాత ఆ నాలుగు ప్రశ్నలు తగ్గినవి. కంప్యూటరు తెరపై అక్షరమును ఎన్నుకొన్నచో, కోత యంత్రము నిమిషములలో కత్తిరించును. చౌక, శీఘ్రము, నున్నన. నెలల తరబడి కుంచె పట్టి నేర్చిన చేతులు పని లేక, కొందరు ఇండ్ల గోడలకు సున్నము వేయబోయినారు. తెలివైన కొందరు అదే యంత్రము కొని దాని పక్కన కూర్చున్నారు. వారిని తప్పు పట్టువారు తమ పిల్లల పెండ్లి శుభలేఖలను చేతితో వ్రాయించినారా అని ఒక్కసారి తలచుకొనవలెను.

కాని తెలుగు లిపికి మాత్రము ఈ మార్పు వలన ఒక ప్రత్యేకమైన కష్టము వచ్చినది. ఇంగ్లీషు అక్షరము సాధారణముగా ఒకే ముక్క. తెలుగులో ఒత్తు వేరు ముక్క, కొన్ని అక్షరములకు తలకట్టు వేరు ముక్క. అతికిన ముక్క ఎంత చిన్నదైన అంత త్వరగా ఊడును. రెండు వేసవులు గడచి, పదిసార్లు గుడ్డతో తుడిచిన కారు వెనుక అద్దమును చూడుడు. మకారపు ఒత్తు రాలి 'అమ్మ' కాస్తా 'అమ' అయి ఉండును. నకారపు ఒత్తు పోయి 'నాన్న' 'నాన' అగును. కుంచెతో వ్రాసినవాడు ఒత్తును పై అక్షరమునకు సన్నని తోకతో కలుపగలడు. అక్షరము వెలిసినను విరుగదు. యంత్రమునకు ఆ తోక కలుపవలెనని చెప్పువాడు కావలెను. చెప్పగలవాడు తెలుగు వ్రాత తెలిసినవాడే. బడిలో చిత్రలేఖనము, తెలుగు రెండును ఇష్టపడు పిల్లలకు ఇది ఒక పని; జీవనాధారము కూడ కావచ్చును.

అతికించు పనిలో కొంత శాస్త్రమున్నది. వినైల్ పొరలు రెండు జాతులు. ఒకటి చపాతి వలె రూళ్ల నడుమ వత్తి చేసినది. వత్తిన చపాతి పీట మీద వెనుకకు ముడుచుకొన్నట్లు ఇదియు ఎండకు అంచులలో ముడుచుకొనును. రెండవది దోసె వలె ద్రవమును పోసి ఆరబెట్టినది. సుమారు 50 మైక్రానుల మందము, అనగా తలవెంట్రుక పాటి పలుచన. కారు ఒంపులకు ఒదిగి నిలుచును; ధర ఎక్కువ. వేసవిలో 45 డిగ్రీలు దాటు రామగుండము ప్రాంతములో ఏది నిలుచునో వేరుగ చెప్పనక్కరలేదు. మొదట సబ్బునీటితో కడిగి, నూనె జిడ్డు పోవునట్లు స్పిరిటుతో తుడిచి, నీడలో అతికించవలెను. మంటగా కాలిన రేకు మీద జిగురు ఒక్కసారిగా పట్టును, సరిదిద్దుటకు వీలుండదు. నడుమ నుండి అంచులకు పలకతో నొక్కుచు గాలి బుడగలను వెళ్లగొట్టి, మూలలకు వేడి గాలి చూపినచో పని ముగియును.

చట్టము మాట రెండు ముక్కలు. చిన్న గుర్తులకు అభ్యంతరము లేకున్నను, కారు రంగునే మార్చినచో రవాణా కార్యాలయమునకు తెలిపి రిజిస్ట్రేషన్ పత్రములో వ్రాయించుకొనవలెను. అద్దములకు నల్లని పొరలను సుప్రీంకోర్టు 2012లో నిషేధించినది. నంబరు పలక మీద ఏ అలంకారమును పనికిరాదు. పలక మీది అంకె ప్రభుత్వము ఇచ్చిన సిడము. దానిని కప్పుట సిడము దాచుకొని యుద్ధమునకు పోవుట వంటిది.

మరి కారు కొన్న కుర్రవాడు ఏ గుర్తు పెట్టుకొనవలెను? పందెమెరుగని కారుకు పందెపు అంకె అరువు సొమ్ము. ద్రోణుని వేదికను ఉత్తరుడు పెట్టుకొన్నచో చూచినవారు నవ్వక మానరు. మంథని కుర్రవానికి గోదావరి అల ఉన్నది. ఊరి గుడి గోపురము ఉన్నది. గనిలో పనిచేసిన తండ్రి తలదీపము ఉన్నది. తాత కచ్చురపు చక్రము ఉన్నది. వీనిలో దేనినైనను నాలుగు గీతలలో వేయగల పిల్లవాడు ఏ బడిలోనైన ఒకడుండును. ఆ నాలుగు గీతలను అదే కోత యంత్రము కత్తిరించును. ఖర్చులో పెద్ద తేడా రాదు.

తీసివేయు పద్ధతిని కూడ తెలిసికొనుట మంచిది. వేడి గాలి చూపుచు, పొరను వెనుకకు మడిచి మెల్లగా లాగవలెను. మిగిలిన జిగురును నూనెతో తుడువవలెను. ఏండ్ల తరబడి ఎండలో తిరిగిన కారైనచో అప్పుడొక వింత కనబడును. చుట్టును వెలిసిన రంగు నడుమ, పొర కింద దాగిన చోట కారు కొన్ననాటి రంగు చెక్కు చెదరక నిలిచి ఉండును. స్టిక్కరు చెత్తబుట్టలో పడినను, దాని ఆకారము మాత్రము కొత్త రంగు వేయువరకు తలుపు మీద అట్లే చదువ వచ్చుచుండును, రాలిపోయిన ఒత్తుతో సహా.