బాణలిలో నల్లసముద్రం

గారెలకు బాణలి పెట్టే ఇల్లాలికి నల్లసముద్రంతో పనేమిటంటారా? ఉందంటాను నేను. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా ఓడలమీద వచ్చేదే. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్‌మీద దండెత్తగానే అక్కడి రేవులు మూతపడి, పొద్దుతిరుగుడు నూనె ఆగిపోయింది. పామాయిల్ ఉందిలే అనుకునేలోగా, తన దేశంలో ధర పెరిగిందని ఇండొనీషియా ఏప్రిల్ 28న ఎగుమతి నిషేధించింది. మే 23 దాకా పట్టు విడవలేదు. ఇక్కడ మన బజారులో ధర మండిపోయింది.

పరాయి దిగుమతులు తగ్గించాలనే 2021లో కేంద్రం ఆయిల్‌పామ్ పథకం పెట్టింది. గోదావరి, ఖమ్మం ప్రాంతాల్లో ఆ తోటలున్నాయి. మంచిదే. కాని ఆ చెట్టుకు దాహం ఎక్కువ. పరాయి రేవుల బెడద తప్పించుకుని, మన బోరుబావులు ఎండగొట్టుకుంటే ఏం లాభం? మెట్టపొలాల్లో పండే నువ్వులకూ వేరుశనగకూ అంత ఆదరణా దక్కాలని నా మనవి.