ఫోన్‌కు కబురు చేరే దారి

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున, నాలుగున్నర, అయిదున్నర గంటల మధ్య, తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లాలోని పలాస దగ్గర తీరం దాటింది. వాతావరణ శాఖ లెక్కలో గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, ఒక్కో విసురు 165 దాకా. అక్కడి ఉద్దానం ప్రాంతంలో జీడి, కొబ్బరి తోటలు వేళ్లతో సహా పడిపోయాయి. కరెంటు స్తంభాలు కూలాయి, ఫోన్లు మూగబోయాయి. అలాంటి రాత్రి మందసలోనో వజ్రపుకొత్తూరులోనో మంచం పక్కనున్న ఫోన్‌లోని యాప్‌కు ఒక హెచ్చరిక రావాలంటే, అది ఏ దారిన వస్తుంది?

యాప్ నడిపేవాళ్ల సర్వర్ నుంచి నేరుగా మాత్రం రాదు. మొబైల్ డేటా మీద నడిచే ఫోన్‌కు బయటివాళ్లు వెతుక్కుంటూ రాగల స్థిరమైన ఇంటర్నెట్ చిరునామా సాధారణంగా ఉండదు. ఎన్నో ఫోన్లు ఒకే చిరునామాను పంచుకుంటాయి. ఫోన్ ముందుగా తానే పలకరిస్తే తప్ప బయటి మాట లోపలికి రాదు. పోనీ, ప్రతి యాప్ నిమిషానికోసారి తన సర్వర్‌ను ‘ఏమైనా ఉందా’ అని అడుగుతూ పోతే మధ్యాహ్నానికే బ్యాటరీ ఖాళీ. ఊళ్లో ఇంటికొకరు గంటగంటకూ పోస్టాఫీసుకు తిరిగే బదులు, ఊరంతటికీ కలిపి ఒక్క మనిషిని అక్కడ కూర్చోబెట్టడం నయం కదా. ఆపిల్ 2009లో, గూగుల్ 2010లో చేసింది అదే. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఎన్ని యాప్‌లున్నా, గూగుల్ సర్వర్‌తో తెరిచి ఉంచే కనెక్షన్ ఒక్కటే. చాలాసేపు మాటామంతీ లేకపోతే నెట్‌వర్క్ దాన్ని తెంచేస్తుంది కాబట్టి, ఫోన్ అప్పుడప్పుడు ‘ఉన్నాను’ అంటూ చిన్న సంకేతం పంపుతూ ఉంటుంది. గూగుల్ ఏర్పాటుకు 2016 నుంచి ఫైర్‌బేస్ క్లౌడ్ మెసేజింగ్ అని పేరు.

యాప్‌ను మొదటిసారి తెరవగానే గూగుల్ దానికి టోకెన్ అనే పొడవాటి గుర్తు ఇస్తుంది. యాప్ దాన్ని తన సర్వర్‌కు అప్పగిస్తుంది. ఆపైన సర్వర్ ‘ఈ టోకెన్‌కు ఈ మాట’ అని గూగుల్‌కు చెబుతుంది. ఆ మాట 4096 బైట్లు దాటకూడదు. తెలుగులో ఒక్కో అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు పడతాయి. ‘తుఫాను’ అని రాస్తేనే 18 బైట్లు. అయినా ఒక హెచ్చరికకు చోటు పుష్కలం. వేలమందికి ఒకేసారి పంపాలంటే టాపిక్ పద్ధతి ఉంది. ‘శ్రీకాకుళం తుఫాను’ అనే టాపిక్‌లో చేరిన ఫోన్లన్నిటికీ ఒక్క ఆదేశంతో కబురు వెళుతుంది. గుజరాత్‌లోని వేరావల్‌లో పడవ పనికి వెళ్లిన మనిషికి, రేవులో సిగ్నల్ ఉంటే చాలు, ఇంటి దగ్గరి తుఫాను సంగతి ఇలా తెలుస్తుంది.

ఇక చిక్కులు. తెల్లవారుజామున ఫోన్ కదలకుండా, తెర ఆరి, ఛార్జింగ్‌లో లేకుండా పడి ఉంటుంది. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి అలాంటి ఫోన్ గాఢనిద్రలోకి పోతుంది. మామూలు ప్రాధాన్యంతో పంపిన సందేశం అది మళ్లీ కాసేపు మేలుకునే దాకా ఆగుతుంది. అధిక ప్రాధాన్యమని గుర్తు పెడితేనే వెంటనే లేపుతుంది. షాపింగ్ యాప్‌లు ఈ గుర్తును డిస్కౌంట్ల కోసం వాడేసుకోవడం నాకు చిరాకు. అది పిడుగులకూ తుఫాన్లకూ దాచాల్సిన గుర్తు. పైగా సెట్టింగ్స్‌లోకి వెళ్లి యాప్‌ను ఫోర్స్ స్టాప్ చేస్తే, మళ్లీ తెరిచేదాకా దానికి ఏ కబురూ అందదు.

ఇంకోటి. గూగుల్ సర్వర్ ‘సరే’ అంటే సందేశం తనకు అందిందని మాత్రమే అర్థం. ఫోన్‌కు చేరిందని కాదు. ఫోన్ అందుబాటులో లేకపోతే దాన్ని దాచి ఉంచుతుంది. ఎంతకాలమో పంపేవాళ్లు చెప్పకపోతే నాలుగు వారాలు! తిత్లీ లాంటి తుఫానులో సిగ్నల్ అయిదో రోజుకు తిరిగొచ్చిందనుకోండి. పడిన కొబ్బరిచెట్టు నరుక్కుంటున్న రైతు జేబులో ఫోన్ మోగి ‘తుఫాను వస్తోంది, జాగ్రత్త’ అంటుంది. ఇది నవ్వుకునే విషయం కాదు. మరో తుఫానేమోనని ఊరు బెదిరిపోతుంది. దీనికి మందు ఉంది. సందేశంతో పాటే గడువు రాయాలి. వరుస బులెటిన్లకు ఒకే గుర్తు తగిలిస్తే, దారిలో ఆగిన పాతవి పోయి చివరిది మాత్రమే చేరుతుంది.

ఇంటర్నెట్ అక్కర్లేని దారి సెల్ బ్రాడ్‌కాస్ట్. 2023లో దేశంలో చాలాచోట్ల ఫోన్లు ఉన్నట్టుండి బిగ్గరగా మోగి, పరీక్షా సందేశం చూపించాయి, గుర్తుందా? టెలికాం శాఖ తన పరిశోధన సంస్థ సి-డాట్‌తో కలిసి చేసిన పరీక్ష అది. ఇందులో టోకెన్లు లేవు, నంబర్లు లేవు. టవర్ తన పరిధిలో వినగలిగిన ప్రతి ఫోన్‌కూ ఒకేసారి చాటుతుంది. రద్దీ ఎంతున్నా ఆలస్యం కాదు. కానీ టవర్ బతికి ఉండాలి. వేరావల్‌లో ఉన్నవారికి ఇది వినపడదు.

టవరే లేని చోటు సముద్రం. భావనపాడు, నువ్వలరేవు పడవలు ఒడ్డు నుంచి పది పన్నెండు కిలోమీటర్లు దాటాక ఫోన్ సిగ్నల్ పలచబడుతుంది. 2017 నవంబరు చివర ఓఖీ తుఫాను వచ్చినప్పుడు నడిసముద్రంలో ఉన్నవారికి హెచ్చరిక చేర్చే దారి లేకపోయింది. ఆ తర్వాత హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ 2019 అక్టోబరులో జెమినీ పరికరాన్ని తెచ్చింది. గగన్ ఉపగ్రహాల నుంచి వచ్చే సందేశాన్ని అది అందుకుని, బ్లూటూత్ ద్వారా పక్కనున్న ఫోన్‌లోని యాప్‌కు ఇస్తుంది. తొమ్మిది ప్రాంతీయ భాషల్లో చదువుకోవచ్చు. అయితే ఇది ఒకవైపు దారే, పడవ నుంచి తిరిగి మాట పంపలేం.

హెచ్చరిక యాప్‌లు తయారుచేసేవారికి ఒక్క మనవి: గడువు రాయని తుఫాను సందేశాన్ని పంపకండి. ఉద్దానం పాఠకులు తుఫాన్ల కాలానికి ముందే ఒక పని చేయండి. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్ సెట్టింగ్స్ తెరిచి, అత్యవసర హెచ్చరికలు ఆన్‌లో ఉన్నాయో లేదో, వాతావరణ యాప్‌ను బ్యాటరీ పొదుపు ఆపేస్తోందేమో చూడండి.