ఒక్కటే గుండు... గురి తప్పొద్దు!

మన పల్లెల్లో నాటు తుపాకీ అంటారే, మూతిలోంచి మందు దట్టించి పేల్చేది! అమెరికాలో చాలా రాష్ట్రాల్లో దాంతో జింకల వేటకి ప్రత్యేకంగా సీజనే ఉంది. అక్కడ దాని పేరు మజిల్‌లోడర్.

మొదటిసారి కొనేవాళ్లు షాపుకంటే ముందు తమ రాష్ట్రం వేట రూల్స్ చూడాలి. పెన్సిల్వేనియాలో క్రిస్మస్ మర్నాడు మొదలయ్యే సీజన్‌కి చెకుముకిరాయితో పేలే ఫ్లింట్‌లాకే ఉండాలి. కొలరాడో మజిల్‌లోడర్ సీజన్‌లో స్కోప్ పెట్టకూడదు, మందు బిళ్లలు వాడకూడదు. వీసా మీదున్న మనవాళ్లకి తుపాకీ చట్టాలు వేరు. లాయర్‌ని అడిగాకే కొనండి.

ఇలాంటి షరతుల్లేని చోట కొత్తవాళ్లకి .50 క్యాలిబర్ ఇన్‌లైన్ రకం తేలిక. వెనక ప్లగ్ విప్పి కడుక్కోవచ్చు. నల్ల తుపాకీ మందు మసి తేమ పీల్చి గొట్టాన్ని తుప్పు పట్టిస్తుంది కాబట్టి కాల్చిన రోజే కడగాలి. మామూలు తూటాల్లో వాడే స్మోక్‌లెస్ పౌడర్ మాత్రం పొయ్యొద్దు. గొట్టం పగిలి ప్రాణం మీదకొస్తుంది.

ఉన్న డబ్బంతా తుపాకీకే పెట్టకండి. ప్రాక్టీసుకి మందు, గుళ్లు కావాలి. మళ్లీ దట్టించేదాకా జింక ఆగదు. గురి తప్పితే అది గాయంతో అడవిలో పడి నరకం చూస్తుంది. పేపర్ టార్గెట్ మీద ఎంత దూరందాకా గుండు తప్పకుండా తగులుతుందో, వేటలో మీ హద్దు కూడా అంతే.