కామెర్ల టీకాలో క్రిమి ఉంటుందా?

అమీర్‌పేట హాస్టళ్లలో పిల్లల్ని ఉంచి చదివిస్తున్న తల్లిదండ్రులకు ఒక సందేహం: "హెపటైటిస్‌ బి టీకా వేయిస్తే ఆ జబ్బే అంటుకోదు కదా, డాక్టరుగారూ?"

అంటుకోదు. ఆ టీకాలో క్రిమి లేదు. క్రిమి పైతొడుగులోని ఒక మాంసకృత్తిని మాత్రం ఈస్టు కణాల చేత తయారుచేయిస్తారు. ఆ అణువులు వాటంతటవే కూడుకొని, సుమారు 22 నానోమీటర్ల గుళికలవుతాయి. నానోమీటరంటే మిల్లీమీటరులో పదిలక్షో వంతు! గుళిక లోపల జన్యుపదార్థం ఉండదు గనుక అది పెరగలేదు. అయినా మన శరీరం దాన్ని శత్రువనుకొని ఆయుధాలు సిద్ధం చేసుకుంటుంది. ఇటువంటి టీకాను మన దేశంలో మొదట తయారుచేసి, 1997లో విడుదల చేసింది హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్‌.

ఈ క్రిమి రక్తం ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, కాన్పులో తల్లినుంచి బిడ్డకూ సోకుతుంది. కలిసి భోంచేస్తే సోకదు; ఒకరి రేజరు మరొకరు వాడితే సోకవచ్చు. ఏళ్లతరబడి ఒంట్లో ఉండిపోతే కాలేయం గట్టిపడవచ్చు, క్యాన్సరూ రావచ్చు.

బిడ్డ పుట్టిన 24 గంటలలోగా మొదటి టీకా వేయించండి. పెద్దలకు మూడు మోతాదులు: మొదటిది వేసిన నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. మధ్యలో మానకండి. క్రిమి ఇదివరకే సోకినవారికి టీకా పనిచేయదు. వారు పసరు మందుల జోలికి పోక, డాక్టరుకు చూపించుకోవాలి.