తిమోర్ భవిష్యత్తు తేలని రోజుల్లో ఆస్ట్రేలియా పత్రికలు

1974 ఏప్రిల్ 25న లిస్బన్‌లో సైనికాధికారులు నియంతృత్వాన్ని కూల్చి, వలసలను వదులుకోవడానికి సిద్ధపడడంతో, 1961లో గోవా చేజారాక కూడా ఆసియాలో పోర్చుగల్‌కు మిగిలిన తూర్పు తిమోర్ ఇక ఎవరిదన్న ప్రశ్న తలెత్తింది. పోర్చుగల్ నీడలో మెల్లగా స్వపరిపాలనకు చేరాలన్న యూడీటీ, పూర్తి స్వాతంత్ర్యం కోరిన ఫ్రెటిలిన్, ఇండోనేషియాలో విలీనం కావాలన్న చిన్న పార్టీ అపొదేతి అక్కడి ప్రజల ముందుకు వచ్చాయి. ఆస్ట్రేలియాలోని డార్విన్ నుంచి సుమారు 700 కిలోమీటర్ల దూరంలోనే ఉన్న ఈ భూభాగంలో ఏం జరుగుతున్నదో ప్రపంచానికి చెప్పే బాధ్యత చాలావరకు ఆస్ట్రేలియా విలేకరులపైనే పడింది.

ఆ బాధ్యత మోయడానికి తగిన ఏర్పాట్లు మాత్రం పత్రికలకు లేవు. తిమోర్ రాజధాని దిలీలోని ఆస్ట్రేలియా కాన్సులేట్ 1971లోనే మూతపడింది. జకార్తాలో ఉన్నట్టు అక్కడ స్థిర విలేకరులూ లేరు. అందువల్ల తిమోర్ వార్త తరచు జకార్తా అధికారుల మాటగా, లేదా కాన్‌బెర్రా దౌత్యవేత్తల అంచనాగా పాఠకుడికి చేరేది. 1974 సెప్టెంబరులో జావాలో అధ్యక్షుడు సుహార్తోను కలిసిన ఆస్ట్రేలియా ప్రధాని గఫ్ విట్లమ్, ప్రజల అభీష్టాన్ని గౌరవించాలంటూనే, తిమోర్ ఇండోనేషియాలో కలవడం మేలన్నారు. ఈ రెండు మాటలూ ఒకదానితో ఒకటి పొసగవు. ప్రజలు ఏమి కోరుతున్నారో వాళ్లనే అడిగి రాయవలసిన పని అప్పుడే పత్రికలది కావలసింది.

1975 ఆగస్టు 11న యూడీటీ తిరుగుబాటు చేయగా, ఫ్రెటిలిన్ దాన్ని తిప్పికొట్టి కొద్ది వారాల్లోనే దేశంలో ఎక్కువ భాగాన్ని చేతుల్లోకి తీసుకుంది. పోర్చుగీసు గవర్నర్ అటౌరో ద్వీపానికి తప్పుకున్నాడు. దాని తరువాత కూడా ఇండోనేషియా సరిహద్దులో పోరు సాగుతుంటే, అది తిమోర్ వర్గాల అంతర్యుద్ధమేనని జకార్తా చెబుతూ వచ్చింది. నిజానికి ఇండోనేషియా సైనికులు తమ గుర్తింపు దాచి అందులో పాల్గొంటున్నారు. ఆ సైనికులను కళ్లారా చూసి, కెమెరాలో పట్టుకున్న విలేకరి ఒక్కడున్నా జకార్తా కథనం నిలబడేది కాదు.

ఆ సాక్ష్యం కోసమే రెండు టెలివిజన్ బృందాలు సరిహద్దు సమీపంలోని బలిబోకు వెళ్లాయి: మెల్‌బోర్న్ చానెల్ 7 నుంచి గ్రెగ్ షాకిల్టన్, గ్యారీ కన్నింగ్‌హామ్, టోనీ స్టివార్ట్, చానెల్ 9 నుంచి బ్రయన్ పీటర్స్, మాల్కమ్ రెన్నీ. వాళ్లలో ఇద్దరు ఆస్ట్రేలియన్లు, ఇద్దరు బ్రిటన్ వారు, ఒకరు న్యూజిలాండ్ పౌరుడు. తాము తటస్థులమని తెలియడానికి బస చేసిన ఇంటి గోడ మీద ఆస్ట్రేలియా జెండా బొమ్మ వేశారు. చనిపోవడానికి ముందు షాకిల్టన్ పంపిన నివేదికలో, తమకు ఆస్ట్రేలియా ఎందుకు సాయపడదన్న గ్రామస్థుల ప్రశ్న ఉంది; నాటి కథనాలన్నిటిలోకీ తిమోర్ ప్రజల గొంతుకు ఇంతగా చోటిచ్చింది బహుశా అదే. అక్టోబరు 16న బలిబోపై ఇండోనేషియా బలగాల దాడిలో ఐదుగురూ హతమయ్యారు. కాల్పుల మధ్య చిక్కుకొని మరణించారని ఇండోనేషియా అన్నది. ఆ దాడి గురించి జకార్తాలోని ఆస్ట్రేలియా రాయబార కార్యాలయానికి మూడు రోజుల ముందే తెలుసునని తరువాత వెల్లడైన ప్రభుత్వ పత్రాలు చెబుతున్నాయి.

వాళ్ల మరణం తరువాత కూడా రోజర్ ఈస్ట్ అనే విలేకరి దిలీకి వెళ్లి, ఒక వార్తా సంస్థను నెలకొల్పే ప్రయత్నం చేశాడు. డిసెంబరు 7న ఇండోనేషియా సైన్యం దిలీపై దాడికి దిగింది; మర్నాడు రేవులో ఈస్ట్‌ను కాల్చి చంపారు. భవితవ్యం తేలని ప్రాంతంలో కలం పట్టడం ఎంత ప్రమాదమో 1948 ఆగస్టులో హైదరాబాదులో ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్ హత్యను ఎరిగిన తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. విదేశీ విలేకరులెవరూ స్వేచ్ఛగా తిరగలేని తిమోర్ నుంచి ఆ తరువాత బయటికి వచ్చినవి ప్రధానంగా ఫ్రెటిలిన్ రేడియో సందేశాలే. ఉత్తర ఆస్ట్రేలియాలో సానుభూతిపరులు వాటిని అందుకొని పత్రికలకు చేరవేసేవారు.

ఆస్ట్రేలియా ప్రభుత్వం 1979లో ఇండోనేషియాలో తిమోర్ విలీనాన్ని చట్టబద్ధంగా గుర్తించింది. 1980లో మన్‌స్టర్, వాల్ష్ అనేవారు సంకలనం చేసిన, తిమోర్ విషయమూ ఉన్న రహస్య విదేశాంగ పత్రాల భాగాలను ‘ది ఏజ్’, ‘సిడ్నీ మార్నింగ్ హెరాల్డ్’ ప్రచురించబోగా ప్రభుత్వం కోర్టుకెక్కింది. ప్రభుత్వానికి ఇబ్బంది కలిగించినంత మాత్రాన సమాచారాన్ని ఆపరాదని హైకోర్టు న్యాయమూర్తి మేసన్ అన్నారు గాని, కాపీరైటు కారణంతో ప్రచురణ నిలిపివేతను కొనసాగించారు.

1999 ఆగస్టు 30న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో తిమోర్ ప్రజలు 78.5 శాతం ఓట్లతో ఇండోనేషియాతో బంధాన్ని తిరస్కరించారు. 2007లో న్యూ సౌత్ వేల్స్ కరోనర్ కోర్టు, అంటే అసహజ మరణాల కారణాలను విచారించే న్యాయస్థానం, బలిబోలో విలేకరులను ఇండోనేషియా బలగాలు ఉద్దేశపూర్వకంగానే చంపాయని తేల్చింది. ఆస్ట్రేలియా ఫెడరల్ పోలీసులు 2009లో మొదలుపెట్టిన దర్యాప్తును తగిన ఆధారాలు లేవంటూ 2014లో ముగించారు. ఆ హత్యలకు ఇంతవరకు ఎవరూ శిక్ష అనుభవించలేదు.